గెర్టీ వెనక రాళ్లు గీసిన కుర్రాడు

మా స్టూడియోలో ఒకప్పుడు 'గెర్టీ సీను' అనే మాట ఉండేది. బయటివాళ్లకి అర్థమయ్యేది కాదు. సూపర్‌వైజర్ ఫోల్డర్ తెచ్చి బల్ల మీద పడేసి "గెర్టీ వచ్చింది తమ్ముడూ, చూస్కో" అన్నాడంటే ఆ వారం ఇక సినిమాలూ షికార్లూ బంద్. మామూలు సీన్లో వెనకాల కనిపించే ఇల్లు, చెట్టు, కొండ ఒక్కసారి రంగుల్లో వేసి పెట్టేస్తారు. కదిలే బొమ్మ మాత్రమే మేం కాగితాల మీద గీయాలి. కానీ కెమెరా గిర్రున తిరిగే సీన్లు కొన్ని ఉంటాయి. వాటిలో కొండా కదలాలి, చెట్టూ కదలాలి. అంటే ప్రతి కాగితం మీదా అన్నీ మళ్లీ గీయాల్సిందే. అలాంటి వాటికి మేం పెట్టుకున్న పేరు గెర్టీ.

ఆ పేరు 1914 నాటి ఒక ఆడ డైనోసార్‌ది. విన్సర్ మెకే అనే అమెరికన్ కార్టూనిస్టు గీసిన బొమ్మ. ఆయన స్టేజీ మీద నిలబడి తెర మీది ఆ బొమ్మతో మాట్లాడేవాడు, బొమ్మ ఆయన చెప్పినట్టు చేసేది, ఒక్కోసారి చెయ్యనని మొండికేసేది. నూరేళ్లు దాటినా యానిమేషన్ నేర్చుకునేవాళ్లకి ఇప్పటికీ చూపిస్తారు. మాకూ చూపించారు.

2000 తర్వాత తొలి ఏళ్ల సంగతి. హైదరాబాద్‌లో అప్పుడు టూడీ స్టూడియోలకి మంచి రోజులు. అమెరికా, యూరప్ టీవీల్లో పిల్లలు చూసే కార్టూన్ సీరియళ్ల పని ఇక్కడికి వచ్చేది. కథ, స్టోరీబోర్డు, మోడల్ షీట్లు అక్కడ తయారయ్యేవి. కాగితం మీద గీసే చాకిరీ మాది. పేపర్లో ప్రకటన చూసి, తెనాలి నుంచి బీకాం సర్టిఫికెట్టూ బొమ్మల ఫైలూ పట్టుకుని వెళ్లిన నాకు వాళ్లు పెట్టిన టెస్టు చాలా చిన్నది. చెయ్యి కిందకి ఉన్న మనిషి బొమ్మ ఒకటి, చెయ్యి పైకి ఎత్తిన బొమ్మ ఒకటి ఇచ్చి, మధ్యలోది గీయమన్నారు. గీశాను. ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం నేను చేసిందల్లా అదే, మధ్య బొమ్మ గీయడం.

దాన్ని ఇన్‌బిట్వీనింగ్ అంటారు. సీనియర్ యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు మాత్రం గీస్తాడు. వాటిని కీస్ అంటాం. ఒక కీ నుంచి ఇంకో కీకి బొమ్మ వెళ్లే దారిలో ఎన్ని కాగితాలు కావాలో ఎక్స్‌షీట్ మీద రాసి ఉంటుంది. ఆ కాగితాలు నింపేవాడు ఇన్‌బిట్వీనర్. లైట్ బాక్స్ మీద, కాగితాలు జరగకుండా పట్టుకునే పెగ్ బార్‌కి కాగితాలు తగిలించి, కింద బల్బు వెలుగులో రెండు బొమ్మలూ కనిపిస్తుంటే సరిగ్గా నడిమి గీత పట్టుకోవాలి. ఎండాకాలం ఆ బల్బు వేడికి మోచేతి కింద కాగితం చెమటకి ముడుచుకుపోయేది. ఎడమ చేతి వేళ్ల మధ్య కాగితాలు ఇరికించుకుని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకోవడం అలవాటయ్యాక, బస్సులో టికెట్లున్నా అలాగే తిప్పేవాణ్ణి.

మాకు ట్రైనింగ్ ఇచ్చిన మాస్టారు మద్రాసులో యాడ్ ఫిల్ములకి పనిచేసి వచ్చిన మనిషి. తక్కువ మాట్లాడేవారు. మేం గీసిన బొమ్మ నచ్చకపోతే ఏమీ అనకుండా కొత్త కాగితం తీసి పెగ్ బార్‌కి తగిలించి వెళ్లిపోయేవారు. ఒక శనివారం మధ్యాహ్నం పని తక్కువగా ఉందని కంప్యూటర్ ముందు అందర్నీ పోగేసి సీడీ పెట్టారు. ఏ కాపీకి కాపీనో తెలీదు, బొమ్మంతా వానలో తడిసినట్టుంది. "ప్రపంచంలో మొట్టమొదటి కార్టూన్ ఫిల్మ్ ఇది" అని మొదలుపెట్టారు. ఆ మాట నిజం కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ 1908లోనే గీసిన బొమ్మల్ని కదిలించాడు. మెకే తానే అంతకుముందు 1911లో ఒకటి, 1912లో దోమ మీద ఒకటి తీశాడు. అయినా మాస్టారి పొరపాటులో కొంత న్యాయం ఉంది. వాటిలో బొమ్మలు కదిలాయి. గెర్టీకి మాత్రం ఒక స్వభావం ఉంది.

ఫిల్ము ఎలా ఉంటుందంటే, ముందు మామూలు మనుషులు కనిపిస్తారు. మెకే, ఆయన స్నేహితులు కార్లో పోతుంటే టైరు పంక్చర్ అవుతుంది. ఎదురుగా న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ. లోపలికెళ్లి బ్రాంటోసారస్ అస్థిపంజరం చూస్తారు. దీనికి నేను ప్రాణం పోస్తానని మెకే పందెం కడతాడు, ఓడినవాళ్లు డిన్నర్ ఇవ్వాలి. ఆ మిత్రుల్లో జార్జ్ మెక్‌మానస్ కూడా ఉంటాడు. ఆయనా అప్పటికే పేరున్న కార్టూనిస్టు. మధ్యలో మెకే పనిచేసే గది చూపిస్తారు. పదివేల బొమ్మలు, ఒకదానికీ ఇంకోదానికీ పిసరంత తేడా అని తెర మీద అక్షరాలు పడతాయి. కాగితాలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. అసిస్టెంటు ఒకడు ఓ గుట్ట మోసుకొస్తూ అన్నీ కింద పడేస్తాడు.

లోకమంతా ఆ చోట నవ్వుతుందేమో గానీ మా గదిలో ఒక్కడూ నవ్వలేదు. వెనక నుంచి ఎవరో "నంబర్లు వేశాడో లేదో పాపం" అన్నారు.

అసలు బొమ్మ వచ్చేసరికి అందరం కుర్చీలు ముందుకి జరుపుకున్నాం. చెరువు, దాని పక్కన చెట్టు, వెనక రాళ్లు. దూరంగా గుహలోంచి గెర్టీ తల బయటపెట్టి చూస్తుంది. రమ్మంటే వెంటనే రాదు, సిగ్గు. తర్వాత అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంది. దారిలో ఒక రాయి మింగుతుంది. చెట్టుని వేళ్లతో సహా పీకి నమిలేస్తుంది. అందరికీ నమస్కారం పెట్టమంటే వంగుతుంది. కుడికాలు ఎత్తమంటే ఎత్తుతుంది. ఎడమకాలు అనేసరికి ధ్యాస ఎటో పోతుంది, చెరువులోంచి పెద్ద పాము లాంటిది తల ఎత్తింది మరి. యజమాని కసిరితే కొరకడానికి వస్తుంది. గట్టిగా తిడితే ఏడుస్తుంది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఏనుగుల తాత లాంటి జంబో అటుగా పోతే తోక పట్టుకుని ఎత్తి చెరువులో గిరాటేస్తుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు పక్కకి ఒరిగి పడుకుని తోకతో తల గోక్కుంటుంది. జంబో ఈదుకుంటూ వచ్చి తొండంతో నీళ్లు చిమ్మి పగ తీర్చుకుంటుంది. చివరికి దాహమేసి చెరువు మొత్తం తాగేస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది గెర్టీ పడుకున్నప్పటి ఊపిరి. పక్కకి ఒరిగి పడుకుంటే పొట్ట పైకీ కిందకీ ఆడుతుంది, అంతే. అక్కడ ఏమీ జరగదు. ఏమీ జరగనిచోట బొమ్మ బతికి ఉందని నమ్మించడం ఎంత కష్టమో లైట్ బాక్స్ ముందు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. గీత వెంట్రుకవాసి తప్పితే ఊపిరి కాస్తా వణుకు అయిపోతుంది. మెకే తన ఊపిరి పీల్చడానికి, వదలడానికి ఎంతసేపు పడుతోందో చూసుకుని దాని ప్రకారం గెర్టీ ఊపిరికి బొమ్మలు లెక్కగట్టాడట. మాస్టారు ఆ ముక్క చెప్పిన మర్నాడు మా సెక్షన్‌లో ఎవరి చూపు చూసినా గోడ గడియారం మీదే, అందరూ ముక్కు బిగబట్టుకుని కూర్చున్నారు. మేనేజర్ గారు వచ్చి ఏదో యోగా క్లాసు అనుకున్నారు.

మేం సీడీలో చూసింది తర్వాత థియేటర్లకి వదిలిన వెర్షన్. మొదట ఇది సినిమా కాదు, స్టేజీ ఐటం. 1914 ఫిబ్రవరి 8న షికాగోలోని ప్యాలెస్ థియేటర్‌లో మొదలైంది. వాడ్‌విల్ అంటారు వాళ్లు. పాటలు, గారడీ, హాస్యం, కుక్కల ఫీట్లు, అన్నీ ఒకే టికెట్టు మీద. అప్పటికే మెకే ఆ స్టేజీల మీద చకచకా బొమ్మలు గీసే ప్రదర్శనలు ఇస్తున్నవాడే. గెర్టీ వచ్చాక కోటు తొడుక్కుని, చేతిలో కొరడాతో, సర్కస్‌లో సింహాలాడించేవాడిలా నిలబడేవాడు. వెనక తెర మీద గెర్టీ. ఆయన నోటితో ఆజ్ఞలిచ్చేవాడు, బొమ్మ పాటించేది. యాపిల్ పండు విసిరినట్టు చేసి ఠక్కున చేతిలో దాచేసేవాడు. అదే క్షణంలో తెర మీది గెర్టీ నోరు తెరిచి గీసిన పండుని పట్టుకునేది. చిట్టచివర ఆయన నడుచుకుంటూ తెర వెనక్కి వెళ్లిపోయేవాడు. వెళ్లిన మనిషి బొమ్మగా మారి తెర మీద ప్రత్యక్షమయ్యేవాడు. గెర్టీ ఆ బొమ్మ మనిషిని ఎత్తి వీపు మీద కూర్చోబెట్టుకుని నడిచిపోయేది. ఆ ఏడాది చివర్లో విలియం ఫాక్స్ దీన్ని థియేటర్లకి విడుదల చేసినప్పుడు మెకే నోటి మాటల బదులు అక్షరాల కార్డులు పెట్టారు. మ్యూజియం, పందెం, డిన్నర్ కథ దానికోసం తీసిందే.

మాతో ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు ఉండేవాడు. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట వాళ్ల ఊరికి దగ్గరే. స్టేజీ సంగతి విని వాడు వెంటనే "ఇది మా తట్టు బొమ్మలాటే కదా సార్. తెర ఎనక నిలబడితే నిమ్మలకుంట, ముందర నిలబడితే అమెరికా" అన్నాడు. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "జనం బాగా నవ్వితే మీ కేతిగాడు ఏం చేస్తాడు?" అని అడిగారు. "ఇంకాసేపు సాగదీస్తాడు సార్." "ఫిల్ము సాగదు కదా మరి" అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆ ప్రదర్శన మొత్తం నాకు తలకిందులుగా కనిపించింది. తెర మీది రీలు ముందే తయారైపోయింది. గెర్టీ కాలెత్తే క్షణం ఎప్పుడో నిర్ణయమైపోయింది. జనం పగలబడి నవ్వినా, ఎవరూ నవ్వకపోయినా, మెకేకి దగ్గొచ్చినా అది ఆగదు. కొరడా ఆయన చేతిలో ఉంది గానీ చెప్పినట్టు వింటున్నది ఆయనే. అదను చూసి మాట వేయాలి, అదను చూసి పండు దాచాలి, అదను చూసి తెర వెనక్కి చేరాలి. అందులోనూ అది ఎక్కువగా చేత్తో తిప్పే ప్రొజెక్టర్ల కాలం. తిప్పేవాడు కాస్త హుషారుగా తిప్పితే డైనోసార్ ముందే ఏడ్చేస్తుంది, యజమాని ఇంకా తిట్టనే లేదు. అన్నేళ్లు స్టేజీ మీద చెయ్యి తిరిగినవాడు కాబట్టి ఆ టెన్షన్ జనానికి కనబడనివ్వలేదు.

బొమ్మ చెప్పినట్టు మనిషి వినడం మాకు రోజూ ఉన్నదే. కీ గీసిన సీనియర్ ఎక్కడో కూర్చుని ఉంటాడు, మోడల్ షీటు సముద్రాల అవతల నుంచి వచ్చి ఉంటుంది, పాత్ర ముక్కు ఎంత పొడవుండాలో, కోపమొస్తే కనుబొమలు ఎంతవరకు దిగాలో అన్నీ అందులో రాసి ఉంటాయి. మన ఇష్టమంటూ ఏమీ ఉండదు. కానీ రాత్రి షిఫ్టులో పది పదిహేను కాగితాలు గీశాక వేళ్ల మధ్య తిప్పి చూసుకుంటే ఆ పాత్ర కన్నార్పుతుంది చూడండి, అప్పుడు మాత్రం ఒళ్లు జలదరించేది. మాలో కొందరు వాటితో మాట్లాడేవాళ్లు కూడా. "ఏందిరా బాబూ ఆ భుజం?" అని ఒక ఎలుగుబంటిని తిడుతూ కూర్చునేది మా పక్క బల్ల అమ్మాయి.

మాస్టారు ఇంకో పేరు చెప్పారు. జాన్ ఫిట్జ్‌సిమన్స్. మెకే ఇంటి దగ్గర ఉండే కుర్రాడు, బొమ్మలు నేర్చుకుంటున్న విద్యార్థి. గెర్టీని, జంబోని, ఇతర జంతువుల్ని మెకే గీశాడు. వెనక రాళ్లు, చెరువు గట్టు, చెట్టు ఆ కుర్రాడు గీశాడు. ఒక్కసారి కాదు. ప్రతి కాగితం మీదా. పారదర్శకమైన సెల్ షీట్లు వాడే పద్ధతి అప్పటికింకా వాడుకలోకి రాలేదు. ఎర్ల్ హర్డ్ అనే ఆయన దానికి పేటెంటుకి దరఖాస్తు చేసిందే 1914 చివర్లో. కాబట్టి ఆ ఫిల్ములో కదలని రాయి కూడా ప్రతి ఫ్రేములో కొత్తగా గీసిన రాయే. పల్చటి రైస్ పేపర్ ముక్కలు, ఆరున్నర అంగుళాలకి ఎనిమిదిన్నర. కింద పెట్టిన అసలు బొమ్మ గీతలు పైకి కనబడతాయి, మూలల్లో పెట్టిన గుర్తులు కలుపుకుని ట్రేస్ చేయాలి. అందుకే ఫిల్ములో వెనకున్న కొండలు సన్నగా వణుకుతూ ఉంటాయి.

ఆ వణుకు చూడమని మాస్టారు సీడీ వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. గెర్టీని వదిలేసి రాళ్లని చూశాం. నిజమే, గాలికి రాళ్లు కదిలినట్టు ఉంటుంది. సాంకేతికంగా అది లోపమే. నేనైతే ఆ ఫిల్ము ఎప్పుడు చూసినా ముందు రాళ్లనే చూస్తాను. గెర్టీ ఏం చేస్తుందో ఎలాగూ తెలుసు. రాళ్లలో మాత్రం ఒక కుర్రాడి చెయ్యి కనిపిస్తుంది. ఇక్కడ కాస్త తొందరపడ్డాడు, ఇక్కడ ఓపిగ్గా ఉన్నాడు, ఇక్కడ అన్నానికి లేచాడేమో అని నాకు నేనే కథలు చెప్పుకుంటాను.

మెకే తన కష్టం తగ్గించుకునే ఉపాయాలు కూడా పట్టాడు. గెర్టీ అటూ ఇటూ ఊగే చోట ఒకే వరస బొమ్మల్ని తిరగేసి మరగేసి మళ్లీ వాడాడు. మేం సైకిల్ అనేది అదే. కదలికలో ముఖ్యమైన భంగిమలు ముందు గీసుకుని, మధ్యవి తర్వాత నింపుకున్నాడు. అంటే మా ఉద్యోగం పుట్టింది అక్కడే. పదివేల బొమ్మలన్న లెక్క మీద మాత్రం మా వాళ్లకి గట్టి అనుమానాలుండేవి. మళ్లీ వాడినవి కూడా కలుపుకునే చెప్పి ఉంటాడని ఒకడు, వాడ్‌విల్ స్టేజీ మీద నిలబడి తక్కువ చెప్పేవాడెవడురా అని ఇంకొకడు. కాగితం లెక్కన డబ్బు తీసుకునేవాళ్ల అనుమానాలు అలాగే ఉంటాయి. నెల జీతం వాళ్లం కొందరం ఉన్నా, మాలో ఎక్కువమందికి షీటుకింత అని కట్టిచ్చేవారు. మనిషి మొహం క్లోజప్ అయితే పండగ. గుర్రాల గుంపు అయితే అదే రేటుకి నాలుగింతల పని. గుర్రాలొచ్చిన రోజు సెలవు పెట్టేవాళ్లని నేనెరుగుదును.

మెకేకి కూడా పైన ఒక మేనేజ్‌మెంట్ ఉండేది. పత్రికల యజమాని హర్స్ట్ దగ్గర ఆయన ఉద్యోగం. మా కార్టూనిస్టు స్టేజీల వెంట తిరగడమేంటని హర్స్ట్‌కి నచ్చలేదు, ప్రదర్శనలకి కళ్లెం వేశాడు. ఇంకో సంగతి ఇంతకన్నా బాధ. జాన్ బ్రే అనే ఆయన పత్రికకి వ్యాసం రాస్తున్నానని చెప్పి వస్తే మెకే ఏ దాపరికం లేకుండా తన పద్ధతులన్నీ విప్పి చెప్పాడు. ఆ బ్రే తర్వాత వెళ్లి యానిమేషన్ పద్ధతుల మీద పేటెంట్లు తీసుకుని, తిరిగి మెకే మీదే దావా వేశాడు. కోర్టులో బ్రే ఓడిపోయాడు, కొంతకాలం బ్రేనే మెకేకి డబ్బు కట్టాల్సి వచ్చింది. చాయ్ బండి దగ్గర మేం ఈ కథని ఎంతో ఆనందంగా చెప్పుకునేవాళ్లం. చివరికి న్యాయం గెలిచిన కథలు మా ఫీల్డులో తక్కువ.

అయితే ఆ బ్రే స్టూడియోలోనే ఇంకో అద్భుతం పుట్టింది. మ్యాక్స్ ఫ్లైషర్ తీసిన 'అవుట్ ఆఫ్ ది ఇంక్‌వెల్' సిరీస్. 1918 నుంచి. దీంట్లో మ్యాక్స్ తన డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చుంటాడు, నిజమైన మనిషే. సిరా బుడ్డిలోంచి ఒక బఫూన్ బయటికొస్తాడు, తర్వాత వాడికి కోకో అని పేరు పెట్టారు. గెర్టీది ముద్దు అల్లరి. కోకోది అలా కాదు, వాడు యజమాని మీద కక్ష కట్టిన బాపతు. కాగితం దిగి పారిపోతాడు, ఆఫీసంతా తిరుగుతాడు, మ్యాక్స్‌ని ముప్పుతిప్పలు పెడతాడు. 1921లో వచ్చిన ఒకదానిలో పక్కన ఎవరో మట్టితో తలబొమ్మ చేస్తుంటే ఆ మట్టిలోకి దూరి గొడవ చేస్తాడు. చివరికి ఎలాగోలా వాణ్ణి బుడ్డిలోకి పంపి మూత పెట్టేస్తారు. తర్వాతి ఫిల్ములో ఎలాగూ వస్తాడు.

కోకో నడక చూస్తే అచ్చం మనిషి నడకలా ఉంటుంది. దానికి కారణం రోటోస్కోప్, మ్యాక్స్ కనిపెట్టిన యంత్రం. 1915లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1917లో వచ్చింది. ముందు మనిషి చేసింది ఫిల్ము తీస్తారు, ఆ ఫిల్ముని ఒక్కో ఫ్రేమూ అద్దం మీద పడేలా చేసి దాని మీదుగా గీస్తారు. బఫూన్ వేషం కట్టి గెంతింది మ్యాక్స్ తమ్ముడు డేవ్. అంటే తెర మీద మ్యాక్స్‌ని ఏడిపించే ఆ బొమ్మ లోపల ఉన్నది సొంత తమ్ముడే. అన్నదమ్ములున్న ఇళ్లలో పుట్టినవాళ్లకి ఆ ఫిల్ముల్లో కోపం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. పెద్దయ్యాక ఆ ఇద్దరూ నిజంగానే విడిపోయారు.

మాలో రెండు పార్టీలుండేవి. గెర్టీ పార్టీ, కోకో పార్టీ. టెక్నిక్ పిచ్చి ఉన్నవాళ్లంతా కోకో వైపు. బొమ్మా మనిషీ ఒకే ఫ్రేములో కలవడం, బొమ్మ వచ్చి నిజమైన బల్ల ఎక్కడం గొప్పే, కాదనను. 1900లోనే బ్లాక్టన్ అనే ఆయన కాగితం మీద సీసా గీసి, చెయ్యి పెట్టి నిజం సీసా తీసేసిన ట్రిక్కు ఫిల్ము ఒకటుంది. కాగితం మీది మొహం మాడిపోతుంది. ఆ సరదాకి కోకో పెద్ద కొడుకు లాంటివాడు. అయినా నా ఓటు గెర్టీకే. కోకో ఫిల్ములో మనిషీ బొమ్మా ఇద్దరూ రీల్లోనే ఉన్నారు, ఇద్దరూ క్షేమం. గెర్టీ ముందు నిలబడ్డ మెకే ఒక్కడే, ప్రతి పూటా, అక్కడికక్కడ ప్రాణం ఒడ్డి ఆడాలి. యాపిల్ చెయ్యి జారితే పోయింది పరువు.

ఆ స్టేజీ ఆటని చిన్నప్పుడు చూసినవాళ్లలో డిక్ హ్యూమర్ ఒకడు. పెద్దయ్యాక ఫ్లైషర్ దగ్గర కోకోని యానిమేట్ చేశాడు, ఆ తర్వాత డిస్నీకి వెళ్లాడు. 1955లో డిస్నీ టీవీ కార్యక్రమంలో గెర్టీ ప్రదర్శనని మళ్లీ కట్టి చూపించారు. హ్యూమర్ దాని వెనక ఉన్నాడు, మెకే కొడుకు రాబర్ట్ దగ్గరుండి సలహాలిచ్చాడు. మెకే 1934లోనే పోయాడు. మాస్టారు ఆ క్లిప్పు కోసం చాలా వెతికారు. ఆయన ఉన్నన్నాళ్లూ దొరకలేదు. ఇప్పుడు ఫోన్లో నాలుగు అక్షరాలు కొడితే వస్తుంది.

మా స్టూడియో ఎక్కువ కాలం కాగితం మీద నడవలేదు. మొదట రంగులు కంప్యూటర్‌కి వెళ్లాయి, అది మేం చేరేనాటికే అయిపోయింది. తర్వాత టాబ్లెట్లొచ్చాయి, ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. చేతులు, కాళ్లు, తలలు విడివిడిగా చేసి పెట్టుకుని అటూ ఇటూ జరిపితే చాలు, మధ్య బొమ్మ అదే పుడుతుంది. లైట్ బాక్సులు ముందు వరండాలోకి, తర్వాత మెట్ల కిందకి వెళ్లాయి. ధర్మవరం మిత్రుడు త్రీడీ నేర్చుకుని బెంగళూరు వెళ్లాడు. పక్క బల్ల అమ్మాయి పెళ్లి చేసుకుని డాలస్‌లో పిల్లలకి డ్రాయింగ్ క్లాసులు చెబుతోంది. సూపర్‌వైజర్ అన్న వరంగల్‌లో ఫ్లెక్సీల షాపు పెట్టాడు. నేను సినిమాల గ్రాఫిక్స్‌లో పడ్డాను. అక్కడ నా పని రోటో. హీరో చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వెనకున్న పచ్చ గుడ్డ నుంచి విడదీయడం. పేరు చూశారుగా, మ్యాక్స్ ఫ్లైషర్ యంత్రం పేరే. కోకో పార్టీ వాళ్లకి ఈ సంగతి తెలిసి చాలాకాలం ఏడిపించారు.

2018లో ఫ్రాన్స్‌లోని ఆనెసీ యానిమేషన్ ఉత్సవంలో గెర్టీ స్టేజీ ఆటని మొదటి రూపంలో మళ్లీ నిలబెట్టి చూపించారని వార్త చదివాను. కెనడా వాళ్లు చేసిన పని. మెకే గీసిన బొమ్మల్లో ఇప్పుడు కొన్ని వందలే మిగిలాయి. ప్రేక్షకులు చప్పట్లు కొట్టాక గెర్టీ మళ్లీ వచ్చి వంగి దండం పెట్టే ముక్క ఫిల్ములో లేకుండా పోయింది. దొరికిన బొమ్మల ఆధారంగా ఆ ముక్కని తిరిగి తయారుచేశారట. పోయిన చోట్ల మధ్య బొమ్మలు ఈ కాలం వాళ్లెవరో కూర్చుని గీశారన్నమాట. గెర్టీతో పాటు వెనక రాళ్లు కూడా.

మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త పెట్టాను. మెకే గురించి, ఫిట్జ్‌సిమన్స్ గురించి, మాస్టారి గురించి పేద్ద పేరా రాసి మరీ పెట్టాను. గంట దాకా ఎవరూ పలకలేదు. తర్వాత వరంగల్ నుంచి సూపర్‌వైజర్ అన్న మెసేజ్ వచ్చింది.

"షీటుకి ఎంతిచ్చిన్రట తమ్ముడూ?"